వేగం కొలిస్తేనే చర్య అర్థమవుతుంది

ఇంటర్ కెమికల్ కైనటిక్స్‌ని రెండు ఫార్ములాలు బట్టీపట్టి వదిలేయకండి. సమీకరణం చూస్తే ఏది ఏమవుతుందో తెలుస్తుంది గానీ, ఏ దారిలో అవుతుందో తెలియదు. గాఢత మార్చి, వేడి మార్చి, టైం కొలిస్తేనే ఆ దారి దొరికేది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వచ్చి 12 మంది చనిపోయారు. స్టైరీన్ అణువులు వాటంతటవే గొలుసు కడతాయి. అప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి వేగం ఇంకా పెరుగుతుంది. అందుకే టీబీసీ కలుపుతారు. అది ఉన్నంతసేపు చర్య దాదాపు కదలదు, అయిపోయాక పరుగెడుతుంది. గొలుసును నడిపేది ఫ్రీ రాడికల్స్ అనడానికి ఈ ఆగి పరుగెత్తడం ఒక రుజువు. ఆ ట్యాంకులో వేడిని అడుగున మాత్రమే కొలిచారని ప్రభుత్వ కమిటీ తేల్చింది. పైన ఏం జరుగుతోందో ఎవరికీ కనబడలేదు.

రేపు పరవాడ, అచ్యుతాపురం కంపెనీల్లో డ్యూటీ చేసేది మన పిల్లలు కూడా. కాబట్టి మన గురుకులాల్లో ఈ ప్రయోగం చేయించమని గట్టిగా అడగండి. హైపో ద్రావణం, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాగితం మీద ఇంటూ గుర్తు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. కిటికీలు తీసి, సార్ దగ్గరుండగా చేయాలి. ద్రావణం కొంచెం వేడిచేసి మళ్లీ చూడండి, గుర్తు ఎంత తొందరగా మాయమవుతుందో. అది కళ్లారా చూసినోళ్లు ట్యాంకు వేడెక్కుతుంటే ఊరుకోరు.