బాయిలకెల్లి సౌండ్ వస్తోందా?

మొన్న తాండూరు నుంచి మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. "అన్నా, రేపు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది. ఉబుంటుల సౌండ్ బాయిలకెల్లి వచ్చినట్టు వస్తుంది. ఈ లైనక్స్ తీసేస్త!"

వికారాబాద్‌లో రైలెక్కి సాయంత్రానికి వాళ్లింట్లో ఉన్నా. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో పాట పెట్టి చూస్తే బాగానే ఉంది. మీటింగ్ యాప్ తెరవగానే గొంతు గరగర. దొంగ దొరికాడు!

పాటలకు ఇయర్‌బడ్స్ వాడే మోడ్ ఏ2డీపీ. స్టీరియో, క్లియర్. కానీ అందులో మైక్ పనిచేయదు. మైక్ ఆన్ కాగానే కాల్స్ మోడ్‌కి, అంటే హెచ్ఎఫ్‌పీకి మారిపోతుంది. మాట రానూ పోనూ ఉండాలి కాబట్టి సౌండ్ మోనో అయి, క్వాలిటీ పడిపోతుంది.

మీకూ ఇదే తిప్పలైతే సెట్టింగ్స్‌లో సౌండ్ తెరవండి. ఇన్‌పుట్‌లో ఇయర్‌బడ్స్ బదులు ల్యాప్‌టాప్ మైక్ పెట్టండి. అవుట్‌పుట్ కింద కాన్ఫిగరేషన్‌లో 'హై ఫిడెలిటీ ప్లేబ్యాక్' ఎంచుకోండి. మీటింగ్ యాప్‌లోనూ ల్యాప్‌టాప్ మైకే ఉండాలి, లేదంటే కథ మళ్లీ మొదటికే. ల్యాప్‌టాప్ మైక్ బాగా లేకపోతే వైరు ఇయర్‌ఫోన్స్ వాడండి.

తెల్లారి ఇంటర్వ్యూలో ఒక్కసారి కూడా "మళ్లీ చెప్పండి" అనాల్సి రాలేదట. లైనక్స్ బతికిపోయింది. నా ఫీజు? చిన్నమ్మ పెట్టిన తాండూరు కందిపప్పు!