కొత్త అప్పుకు ముందు పాత బ్రేకులు చూసుకుందాం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో గుంటక తోలే ఎడ్లు కరువయ్యాయి. పాత ట్రాక్టరుతో పత్తి, మిరపలో అంతరసేద్యం చేద్దామంటే చేను చివర తిరగదు, సాళ్లు తొక్కేస్తుంది. వెంటనే "చిన్న ట్రాక్టరు కొనండి" అంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, మంచిదే. కానీ పన్ను తగ్గినా అప్పు అప్పే.

మేం చెప్పేది ఒక్కటే: ముందు ఉన్న బండిని సరిచేసుకుందాం. రెండు వెనక చక్రాలకు వేర్వేరు బ్రేకులు ఇచ్చింది మలుపు కోసమే. తక్కువ గేరులో స్టీరింగ్ తిప్పి, తిరిగే వైపు బ్రేకు తొక్కితే ఆ చక్రం ఆగుతుంది, అవతలి చక్రం బండిని తిప్పుతుంది. ఒక బ్రేకు అరిగిపోతే బండి ఒక వైపే తిరుగుతుంది. కాబట్టి రెండూ సమానంగా పట్టాలి. ముందు చక్రాల కింగ్‌పిన్ బుష్‌లు, టైరాడ్ ఎండ్లు అరిగితే మార్చాలి. గుంటక లేపాకే తిరగాలి. అప్పుడు ముందు చక్రాలు తేలిపోతుంటే ముందు బరువులు బిగించాలి. డిఫరెన్షియల్ లాక్ వేసి తిరగొద్దు. పక్క సాలులోకే దూరకుండా కొన్ని సాళ్లు వదిలి తిరిగితే మలుపు సులువు.

రోడ్డెక్కే ముందు మాత్రం రెండు పెడళ్లనూ కలిపి గొళ్లెం వేయాలి. హైదరాబాద్-విజయవాడ రహదారిపై వేగంలో ఒక్క బ్రేకే పడితే బండి బోల్తా కొడుతుంది, ప్రాణం పోతుంది.

కొత్త యంత్రాలకు రాయితీ ఇచ్చే ప్రభుత్వం పాత బండ్ల మరమ్మతుకూ సాయం చేయాలి. వానాకాలం పనులకు ముందే మండలానికో మరమ్మతు శిబిరం పెట్టాలి. ఇది మనం గట్టిగా అడగాల్సిన కోరిక.