నాలుగో తరగతి సీటు కోసం వయసుతో ఆట.. 'ఒక క్లాస్ తగ్గిస్తే' నిజంగా లాభమేనా?

ఇద్దరు పిల్లలు లైన్ మీద నిలబడ్డారు. విజిల్ పడితే 30 మీటర్లు ఉరకాలి. ఒకడి తల ఇంకొకడి భుజం దగ్గరే ఆగిపోయింది. కాగితాల్లో మాత్రం ఇద్దరికీ ఎనిమిదేళ్లే. గ్రౌండ్ బయట గుసగుస.. "ఆ పిల్లగాడు నిజంగా మూడో తరగతేనా?"

స్పోర్ట్స్ స్కూల్ సెలక్షన్స్‌కు పిల్లల్ని తీసుకెళ్లిన తల్లిదండ్రులకు ఈ గుసగుస కొత్త కాదు. దాని పక్కనే ఇంకో మాట కూడా వినిపిస్తుంది. "ఒక క్లాస్ తగ్గించి చేర్పిస్తే అయిపోయేది కదా" అని. చాలా మామూలుగా, బస్ టికెట్ గురించి మాట్లాడినట్టు చెప్పేస్తారు.

అసలు మ్యాటర్ ఏంటంటే..

హైదరాబాద్ శివారు హకీంపేటలో రాష్ట్ర క్రీడా పాఠశాల ఉంది. ఉత్తర తెలంగాణకు కరీంనగర్, ఆదిలాబాద్‌లో ప్రాంతీయ క్రీడా పాఠశాలలు ఉన్నాయి. ఎంట్రీ నాలుగో తరగతిలో. ఒక్కో స్కూల్‌కు 40 సీట్లు.. 20 అబ్బాయిలకు, 20 అమ్మాయిలకు. మండలం, జిల్లా, రాష్ట్రం అని మూడు మెట్లు ఎక్కాలి. సీటొస్తే చదువు, హాస్టల్, తిండి, కోచింగ్ అన్నీ సర్కారు చూసుకుంటుంది. పెద్దయ్యాక ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం స్పోర్ట్స్ కోటా ఎలాగూ ఉంది. పత్తి చేను మీద బతికే ఇంటికి ఇది చిన్న విషయమా?

సెలక్షన్‌లో ఏం చూస్తారంటే.. ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, స్టాండింగ్ బ్రాడ్ జంప్, వర్టికల్ జంప్, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, ఫ్లెక్సిబిలిటీ, 800 మీటర్ల పరుగు.

ఈ లిస్ట్ ఇంకోసారి చదవండి. ఫ్లెక్సిబిలిటీ పక్కన పెడితే మిగతావన్నీ ఏడాది పెద్ద పిల్లాడికి ఈజీ. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఒక ఏడాది అంటే వాడి మొత్తం జీవితంలో ఎనిమిదో వంతు. ఈ వయసులో పిల్లలు ఏడాదికి దాదాపు 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. బ్రాడ్ జంప్‌లో సీటు వచ్చేదీ పోయేదీ అంతకంటే తక్కువ తేడాతోనే కావచ్చు.

ఒక మాట క్లియర్‌గా చెప్పాలి. ఈ స్కూళ్లలో ఫలానా అక్రమం జరిగిందని మేం అనడం లేదు. ఇంత తక్కువ సీట్లు, ఇంత చిన్న వయసు, ఇలాంటి టెస్టులు ఒక దగ్గర కలిస్తే తల్లిదండ్రుల మీద పడే ఒత్తిడి గురించే ఈ కథనం.

అమెరికాలో తరగతి ఆపుతారు.. ఇక్కడ తేదీ మారుస్తారు

అమెరికాలో దీనికి ఒక పేరే ఉంది.. రెడ్‌షర్టింగ్. ఐదేళ్లు నిండినా కిండర్‌గార్టెన్‌లో వేయకుండా ఒక ఏడాది ఇంట్లో ఉంచుకోవడం. టెక్సాస్‌లో సెప్టెంబర్ 1 కటాఫ్. ఆగస్టులో పుట్టిన పిల్లాడు క్లాసులో అందరికంటే చిన్నోడు అవుతాడు కాబట్టి కొందరు పేరెంట్స్ ఆపేస్తారు. ఇంకొందరు ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిస్తారు, హైస్కూల్ టీమ్‌లో కొడుకు బలంగా కనిపించాలని. అక్కడ స్కూల్ స్పోర్ట్స్ ప్రధానంగా తరగతిని బట్టి నడుస్తాయి. పుట్టిన తేదీ నిజమే ఉంటుంది, క్లాస్ మాత్రమే వెనక్కి జరుగుతుంది. న్యాయమా కాదా అని వాళ్లూ కొట్టుకుంటూనే ఉన్నారు గానీ, అందులో అబద్ధం లేదు.

మన దగ్గర లెక్క వేరు. స్కూల్ గేమ్స్ అండర్-14, అండర్-17, అండర్-19 అని వయసు మీదే నడుస్తాయి. క్లాస్ ఒక్కటే తగ్గిస్తే పని జరగదు, తేదీ కూడా కదలాలి. అంటే అక్కడ పేరెంట్స్ నిర్ణయం అనిపించుకున్నది, మన దగ్గరికి వచ్చేసరికి ఫోర్జరీ అయిపోతుంది. "అందరూ చేస్తున్నదే" అనుకునే వాళ్లు ఈ తేడా దగ్గరే బోల్తా పడుతున్నారు.

అసలు తేదీ ఎక్కడ ఉంది?

మా నాన్న రికార్డుల్లో పుట్టింది జూన్‌లో. మా నానమ్మను అడిగితే "వరి కోతలప్పుడు పుట్టిండు" అంటది. ఆ తరంలో ఇది ప్రతి ఇంట్లో ఉన్న ముచ్చటే. బడి తెరిచే నాటికి ఐదేళ్లు నిండేలా హెడ్‌మాస్టర్ ఒక తేదీ రాసేసేవారు. అది మోసం కాదు, సౌకర్యం. ఆదిలాబాద్ అడవి గూడేల్లో ఇంట్లోనే కాన్పులు జరిగిన రోజుల్లో పుట్టినరోజును పండగతోనో పంటతోనో గుర్తుపెట్టుకున్నారు. పొలాల అమావాస్యకు ముందా, తర్వాతా అన్నదే లెక్క.

ఇప్పుడు అలా కుదరదు. పుట్టిన 21 రోజుల్లో రిజిస్టర్ చేయించాలి. ఏడాది దాటితే ఆర్డీవో స్థాయిలో ఆర్డర్ కావాలి. 2023లో చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు స్కూల్ అడ్మిషన్ దగ్గర్నుంచి పాస్‌పోర్ట్ వరకు పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెటే ఆధారం. కానీ ఆ పిల్లలు నాలుగో తరగతికి రావాలంటే 2032 దాకా ఆగాలి. అప్పటిదాకా బర్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, టీసీలో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉన్న ఇళ్లు మనకు కనిపిస్తూనే ఉంటాయి.

ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చుకోగలరు. ఆట కోసం ఆ ఒక్క ఛాన్స్ వాడేస్తే, తర్వాత నిజం రాయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇక టెన్త్ మెమోలో ఏ తేదీ పడితే జీవితాంతం అదే. ఉద్యోగం, పాస్‌పోర్ట్, రిటైర్మెంట్ అన్నీ దాని మీదే.

తిరుపతిలో ఏం జరిగింది?

2019 నవంబర్‌లో తిరుపతిలో జాతీయ అంతర్ జిల్లా జూనియర్ అథ్లెటిక్స్ మీట్ జరిగింది. అండర్-14, అండర్-16 పిల్లల పోటీలు. వయసు పరీక్షలు పెట్టారు. 51 మంది ఎక్కువ వయసు వాళ్లని తేలింది. అంతకంటే షాకింగ్ ఏంటంటే, మరో 169 మంది టెస్ట్‌కు రాకుండా వెళ్లిపోయారు. వాళ్లు సొంతంగా సర్టిఫికెట్లు పుట్టించుకునే వయసు వాళ్లు కాదు. ఇంట్లోనో, గ్రౌండ్‌లోనో ఎవరో పెద్దవాళ్లు చేతిలో పెట్టిందే.

2015లో పటౌడీ స్మారక ఉపన్యాసంలో రాహుల్ ద్రవిడ్ మాట్లాడింది కూడా దీని మీదే. నకిలీ సర్టిఫికెట్‌తో ఆడే పిల్లాడి ఆట మొదలయ్యేదే మోసంతో, అది నేర్పేది వాడు నమ్మిన పెద్దలే అన్నది ఆయన బాధ. బీసీసీఐ 2020లో ఒక స్కీమ్ తెచ్చింది. తప్పుడు తేదీ ఇచ్చిన వాళ్లు స్వచ్ఛందంగా ఒప్పుకుంటే క్షమాపణ, దాచి దొరికిపోతే రెండేళ్ల నిషేధం. కేంద్ర క్రీడా శాఖ 2010 నాటి వయసు మోసాల నిరోధక కోడ్‌ను మార్చేందుకు 2025 మార్చిలో ముసాయిదా పెట్టింది. మొదటిసారి దొరికితే రెండేళ్లు నిషేధం, రెండోసారికి జీవితకాల నిషేధం, ఎఫ్‌ఐఆర్ అని అందులో ఉంది.

ఎముక చెప్పేది కూడా పూర్తి నిజం కాదు

"ఎక్స్‌రే తీస్తే తేలిపోతుంది కదా" అంటారు. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలను బట్టి వయసు అంచనా వేసే పద్ధతిని టీడబ్ల్యూ3 అంటారు. క్రికెట్‌లో అండర్-16 అబ్బాయిలకు దీన్నే వాడుతున్నారు. ఫుట్‌బాల్‌లో ఫిఫా 2009 అండర్-17 వరల్డ్ కప్ నుంచి మణికట్టు ఎంఆర్‌ఐ వాడుతోంది.

సమస్య ఏంటంటే అది చెప్పేది ఎముక వయసు, క్యాలెండర్ వయసు కాదు. త్వరగా ఎదిగే పిల్లాడి ఎముక, అసలు వయసు కంటే పెద్దగా కనిపిస్తుంది. సరైన తిండి లేని పిల్లాడి ఎముక వెనకబడుతుంది. ఇప్పుడు ఆదిలాబాద్ ఏజెన్సీలో పోషకాహారం అందని పిల్లాడిని, కరీంనగర్ టౌన్‌లో రోజూ గుడ్డూ పాలూ తాగి పెరిగిన పిల్లాడిని పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ నిజమే చెప్పినా మిషన్ ఇద్దరికీ ఒకే సమాధానం ఇవ్వదు.

అందుకే మొదట చెప్పిన గుసగుస కూడా ప్రమాదమే. పొడుగ్గా ఉన్న ప్రతి పిల్లాడూ దొంగ కాదు. బ్యాడ్మింటన్ స్టార్ లక్ష్య సేన్ మీద ఇలాంటి ఆరోపణతోనే 2022లో బెంగళూరులో కేసు పెట్టారు. 2025 జులైలో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేసింది. ఒలింపిక్స్ దాకా వెళ్లిన ఆటగాడికే కోర్టు మెట్లు తప్పలేదు. మండల స్థాయి సెలక్షన్‌లో ఉన్న పిల్లాడి తరఫున మాట్లాడేదెవరు?

కాగితాలన్నీ కరెక్టే అయినా..

ఇది ఎక్కువ మంది పట్టించుకోని పాయింట్. నోటిఫికేషన్ ఒక 12 నెలల విండో ఇస్తుంది. ఆ విండో మొదటి వారంలో పుట్టిన అమ్మాయి, చివరి వారంలో పుట్టిన అమ్మాయి ఒకే లైన్‌లో ఉరుకుతారు. ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా. ఎవరూ మోసం చేయలేదు, అయినా పోటీ సమానం కాదు. 1980ల్లో కెనడాలో రోజర్ బార్న్స్‌లీ అనే సైకాలజిస్ట్ ఐస్ హాకీ ప్లేయర్ల పుట్టిన నెలలు లెక్క తీస్తే, జనవరి 1 కటాఫ్ కాబట్టి సంవత్సరం మొదట్లో పుట్టిన వాళ్లే ఎక్కువగా తేలారు.

బెల్జియం ఫుట్‌బాల్‌లో దీనికి ఒక దారి వెతికారు. ఆలస్యంగా ఎదిగే కుర్రాళ్ల కోసం 'ఫ్యూచర్స్' పేరుతో వేరే జట్టునే పెట్టారు. మన దగ్గర అంత దూరం పోవాల్సిన పని కూడా లేదు. ప్రతి పిల్లాడి స్కోర్ పక్కన పుట్టిన నెల వేసి, మూడు మూడు నెలల గ్రూపులుగా పోల్చినా చాలు. దానికి కావాల్సింది ఒక ఎక్సెల్ షీట్, అంతే.

ఇక క్లాస్ తగ్గించాలా అని ఆలోచిస్తున్న వాళ్లకు.. ఏడాది పెద్దగా ఉండటం ఎనిమిదేళ్లప్పుడు కొండంత. పద్దెనిమిది వచ్చేసరికి అది దాదాపు కనిపించదు. అప్పటిదాకా బలంతోనే గెలిచినవాడు టెక్నిక్ నేర్చుకోడు, ఎందుకంటే వాడికి ఆ అవసరమే రాలేదు. తోటివాళ్లు ఎత్తులో, బలంలో వాడిని అందుకున్న ఏడాది వాడి చేతిలో మిగిలేది తప్పుడు తేదీ ఉన్న టెన్త్ మెమో.

ఆ లైన్ మీద నిలబడ్డ పొట్టి పిల్లాడు? 21వ పేరుగా ఆగిపోయి, ఊరి బడికి తిరిగి వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చే ఏడాది ట్రై చేద్దామంటే వయసు దాటిపోతుంది. వాడి కాగితాల్లో ఉన్నది నిజమైన తేదీ మరి.