పతకానికి ముందే చేయూత

2024 డిసెంబరులో సింగపూర్‌లో చైనాకు చెందిన డింగ్ లిరెన్‌ను ఓడించి గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ చదరంగ విజేత కావడం దేశానికి గర్వకారణం. అయితే ఆ బాలుణ్ణి విదేశీ పోటీలకు తీసుకువెళ్లేందుకు వైద్యుడైన తండ్రి వృత్తినే పక్కన పెట్టవలసి వచ్చింది. కోనేరు హంపి తండ్రి అశోక్ సైతం ఉద్యోగం వదులుకొని కుమార్తెకు శిక్షణ ఇచ్చారు. అంతటి త్యాగం ఎన్ని కుటుంబాలకు సాధ్యం?

గ్రాండ్‌మాస్టర్ హోదాకు 2500 రేటింగ్‌తో పాటు నార్మ్‌లు కావాలి. వాటికోసం పిల్లలు ఐరోపా బాట పడుతున్నారు. విమాన ఛార్జీలు, వీసాలు, వెంట ఒక పెద్దదిక్కు, ఆపైన కోచ్ రుసుము! 2020లో ఆనంద్ మార్గదర్శకత్వంలో ఆరంభమైన అకాడమీ గుకేశ్, ప్రజ్ఞానంద వంటివారికి అక్కరకొచ్చింది. కానీ వారు అప్పటికే రాణించినవారు. ఇంకా పేరు రాని పన్నెండేళ్లలోపు పిల్లల ప్రయాణ వ్యయాన్ని, గెలిచాక ప్రకటించే నజరానాలలో కొంత తగ్గించి అయినా, ప్రభుత్వాలు ముందే భరించాలి.