వర్క్‌షాపు తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఏటా మన సావనీరులో విద్యార్థుల హక్కుల మీదా, నిరుద్యోగం మీదా, సినిమాల మీదా వ్యాసాలు వస్తూనే వున్నాయి. ఈసారి నేను తుక్కు గురించి రాయదలిచాను. నవ్వకండి. మన లాబొరేటరీల వెనక వరండాలో గుట్టగా పడివున్న పాత కంప్యూటర్లు, ఫాన్లు, స్టెబిలైజర్లు మీరంతా చూసినవే. రిజిస్టర్లో "కండెమ్డ్" అని ఒక్క ముక్క రాసి, వేలం వేసి, కిలోల లెక్కన అమ్మేస్తారు. వాటిలో నిజంగా చచ్చినవెన్నో, కొనవూపిరితో వున్నవెన్నో చూసిన నాథుడు లేడు.

పత్రికల్లో ఇప్పుడు తరచు కనిపించే మాట "సర్క్యులర్ ఎకానమీ". పేరు కొత్తదేగాని సంగతి మన అమ్మమ్మలకు తెలియనిది కాదు. తవ్వి, తయారుచేసి, వాడి, పారెయ్యడం కాకుండా, వాడిన వస్తువు మళ్ళీ వాడకంలోకే వచ్చేట్టు చూడటం. పాతచీర బొంతగా మారినట్టన్నమాట. కాకపోతే బొంతకు సూదీ దారం చాలు, సెల్‌ఫోన్ విప్పడానికి చాలవు. సన్న స్క్రూడ్రైవర్లు, మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, అన్నిటికీ మించి పక్కన తెలిసినవాడు వుండాలి. ఇవన్నీ ప్రతివాడూ కొనుక్కోలేడు, కొననక్కర్లేదు కూడా. పదిమందికీ కలిపి ఒకచోట వుంటే చాలు.

ఇది గాలిమాట కాదు. అమెరికాలో ఎం.ఐ.టి. ప్రొఫెసర్ నీల్ గెర్షెన్‌ఫెల్డ్ తలపెట్టిన "ఫాబ్ లాబ్" పద్ధతి 2002లోనే పూనా దగ్గర పాబల్ గ్రామానికి, అక్కడి విజ్ఞాన్ ఆశ్రమానికి వచ్చింది. డాక్టర్ కల్బాగ్ అనే శాస్త్రవేత్త 1983లో స్థాపించిన ఆశ్రమం అది. పని చేస్తూనే చదువు నేర్వాలన్నది ఆయన పట్టుదల. 2009 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినె పోస్ట్‌మా అనే పాత్రికేయురాలు మొదటి "రిపేర్ కెఫే" జరిపారు. పాడైన వస్తువు పట్టుకురండి, కలిసి కూర్చుని బాగుచేసుకుందాం - అంతే అందులోని మర్మం. తరువాత అది ఎన్నో దేశాలకు పాకింది. మన హైదరాబాదులోనూ 2023 మార్చి 2న రాయదుర్గంలో 78 వేల చదరపు అడుగుల టి-వర్క్స్ ప్రారంభమైంది. కొత్త వస్తువుకు నమూనా చేసిచూసుకోవాలనుకునేవాళ్ళకు అవసరమైన యంత్రాలు అక్కడున్నాయి.

ఇక్కడే నాదొక పేచీ. ఇన్నొవేషన్ అనగానే మనవాళ్ళకు కొత్తది చెయ్యడమే కనిపిస్తుంది, పాతది నిలబెట్టడం కనిపించదు. త్రీడీ ప్రింటర్ కొని, దానిమీద కీచెయిన్లూ బొమ్మలూ తీసి ఫొటోలు దిగితే, ప్రపంచంలో ప్లాస్టిక్ మరో పిడికెడు పెరిగినట్టే. అదే యంత్రం మీద, బజారులో దొరకని ఓ పాత టేప్‌రికార్డరు గుబ్బో, టేబుల్ ఫాన్‌లో అరిగిన పళ్ళచక్రమో చేస్తే, ఒక వస్తువు మొత్తం తుక్కు కాకుండా మిగులుతుంది. నీరసంగా తిరిగే సీలింగ్ ఫాన్‌కి చాలాసార్లు కావలసింది చిన్న కెపాసిటర్ మాత్రమే. లాప్‌టాప్ బాటరీ పోయిందంటే లోపలి సెల్స్ అన్నీ పోయినట్టు కాదు. అయితే తెలిసినవారు దగ్గర లేకుండా దాని జోలికి పోవద్దు, నిప్పుతో పని! ఒక ఉమ్మడి వర్క్‌షాపు గొప్పతనం ఎన్ని యంత్రాలున్నాయని కాదు, అక్కడికొచ్చిన వస్తువుల్లో ఎన్ని తిరిగి ఇంటికి పోయాయన్న దాన్ని బట్టే కొలవాలంటాను.

"కరిగించి రాగి తియ్యడమూ రీసైక్లింగే కదా?" అన్నారు ఒక లెక్చరర్ గారు. నిజమే. కాని కరిగిస్తే లోహం దక్కుతుంది; ఆ వస్తువు చెయ్యడానికి అయిన శ్రమా, కరెంటూ దక్కవు. సెల్‌ఫోన్ వల్ల గాలిలో కలిసే కర్బనంలో అధికభాగం అది తయారయ్యేటప్పుడే కలిసిపోతుంది. పైగా అన్నీ కరిగించేదాకా వెళుతున్నాయా? ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2022లో ప్రపంచంలో పుట్టిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6 కోట్ల 20 లక్షల టన్నులు; సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు వచ్చింది నూటికి 22 వంతులే.

ఇలాంటివి పెడితే బజారు మెకానిక్కుల పొట్టకొట్టినట్టవుతుందని మరో మిత్రుడి భయం. నా ఉద్దేశం దానికి తలకిందులు. వాళ్ళనే పిలవాలి, పాఠం చెప్పించాలి, డబ్బివ్వాలి. కోఠీ గుజరాతీ గల్లీలో పార్టులు కొని చిన్న బడ్డీలో రిపేరు చేసే మనిషికి తెలిసినంత, మన ప్రాక్టికల్ రికార్డుల్లో ఎర్రసిరా సంతకాలు పెట్టించుకున్న మాకు తెలియదు.

మరి అడ్డేమిటి? తాళం. మధ్యాహ్నం ప్రాక్టికల్స్ అవగానే వర్క్‌షాపు మూత. స్టోర్‌కీపరు గారిని నేను తప్పుపట్టను. ఒక స్పానరు పోతే సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఆయనే. ఆ భారం ఆయన నెత్తిమీదనుంచి దించాలి.

అందుచేత ప్రిన్సిపాల్ గారికీ, యూనియన్‌కీ నా మనవి. శనివారం మధ్యాహ్నాలు రెండు నుంచి ఐదు దాకా, ఒక ఇన్‌స్ట్రక్టర్ గారి సమక్షంలో వర్క్‌షాపు తెరవండి. కండెమ్డ్ సరుకు వేలానికి పోయేముందు ఒక నెల మాకు చూడనివ్వండి. బాగుపడ్డవి హాస్టల్ రీడింగ్ రూములకు, బాగుపడనివి రిజిస్టరైన రీసైక్లర్లకు. సావనీరు ఖర్చులో నాలుగు రంగుల అట్ట మానేస్తే రెండు మల్టీమీటర్లొస్తాయి. ఇక పనిముట్ల జాబితా కింద బాధ్యతగా సంతకం పెట్టేవాళ్ళు కావాలంటే, మొదటి పేరు నాది రాసుకోండి.