మతి చెదిరినవానికి వకీలెవరు?



గత మాసం జగ్గయ్యపేటలో జుమా నమాజు ముగించుకొని వస్తుండగా, మస్జిదు గేటు వద్ద ఒక వృద్ధమాత మమ్మల్ని ఆపింది. ఆమె కుమారుడు పొరుగువానిని గాయపరచిన కేసులో జైలులో ఉన్నాడు. మరునాడు నందిగామ కోర్టులో వాయిదా. "ఒక తావీజు ఇవ్వండి, మౌల్వీ సాహెబ్" అని కోరింది. వివరాలు అడుగగా, కుమారునికి ఆరేళ్ళుగా మానసిక వ్యాధి ఉన్నదని తెలిసింది. "ఆస్పత్రి చీటీలు వకీలుకు చూపారా?" అన్నాము. ఆమె తల దించుకున్నది. "చిన్నదాని నిఖా చెడుతుందేమోనని అన్నీ పొయ్యిలో వేశాం సాహెబ్" అన్నది.

మేము తావీజు ఇవ్వలేదు. ఆమెకు చెప్పిన మాటలనే మీ ముందుంచుతున్నాము.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో మతిస్థిమితం లేని ఒక స్త్రీకి మరణశిక్ష ఖరారైనది. శిక్షాస్థలానికి తీసుకుపోతుండగా హజ్రత్ అలీ (రజి) చూచి, ఆమెను వెనుకకు మళ్ళించారు. మతి తప్పినవారి చర్యలు కోలుకునే వరకు లెక్కకు రావన్న ప్రవక్త (స) బోధను ఖలీఫాకు గుర్తుచేశారు. ఖలీఫా వెంటనే ఆమెను విడిచిపెట్టారు. ఈ ఉదంతం అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది. ఆమె తన తరఫున మాట్లాడలేని స్థితిలో ఉన్నది గనుక మరొకరు మాట్లాడారు. మనం నిత్యం పలికే 'వకీలు' అరబ్బీ పదమే. నమ్మి బాధ్యత అప్పగించబడినవాడని దాని అర్థం.

మన దేశ చట్టమూ ఈ న్యాయాన్ని గుర్తించినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షను ప్రకారం, మతిస్థిమితం లేనందున తాను చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో గ్రహించలేని స్థితిలో చేసిన పని నేరం కాదు. అయితే వ్యాధి ఉన్నదంటే చాలదు, ఆ క్షణాన అట్టి స్థితి ఉన్నదని నిందితుని పక్షమే చూపాలి. 1964లో దహ్యాభాయి కేసులో సుప్రీంకోర్టు, ఘటనకు ముందు, అప్పుడు, తరువాత ఉన్న పరిస్థితులన్నింటినీ పరిశీలించాలన్నది. పొయ్యిలో కాలిన చీటీల విలువ ఇప్పుడు బోధపడినదా?

ఇక రెండవ విషయం. నేటి స్థితిలో నిందితుడు తనను తాను సమర్థించుకోలేకపోతే, భారతీయ నాగరిక సురక్షా సంహిత 367, 368 సెక్షన్ల ప్రకారం వైద్యపరీక్ష జరిపించి విచారణను వాయిదా వేస్తారు. కేసు మాత్రం కొట్టివేయరు. 2021 జనవరిలో మదనపల్లెలో ఇద్దరు కుమార్తెల మరణం కేసులో అరెస్టయిన తల్లిదండ్రులు విద్యావంతులే. వారిని జైలు నుండి విశాఖ మానసిక వైద్యశాలకు తరలించవలసి వచ్చినది. ఈ వ్యాధి చదువును, మతాన్ని చూచి రాదు.

"మరి గాయపడినవాని సంగతేమిటి?" అని మీరు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఈ కారణంతో నిర్దోషిగా తేలినవాడు నేరుగా ఇంటికి పోడు. కోర్టు అతనిని సురక్షిత సంరక్షణలో ఉంచుతుంది, లేదా తగిన పూచీపై బంధువులకు అప్పగిస్తుంది. గాయపడిన పొరుగువానిని పరామర్శించి, చేతనైనంత తోడ్పడడం ఆ కుటుంబపు విధి.

వకీలుకు పెట్టుకొనే స్థోమత లేదని నిరాశపడవద్దు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార చట్టం 12వ సెక్షను ప్రకారం నిర్బంధంలో ఉన్నవారు, వికలాంగులు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. కోర్టులోని న్యాయసేవాధికార కమిటీని కలవవచ్చు, 15100కు ఫోను చేయవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమూ రోగికి ఈ హక్కునిచ్చినది.

కాని ఏ వకీలైనా కుటుంబం దాచినదానిని ఊహించలేడు. మొదటి రోజే నిజం చెప్పండి. మందుల చీటీలు, పాత రిపోర్టులు భద్రపరచండి. అవి లేకుంటే చికిత్స చేసిన ఆస్పత్రిలో రికార్డు కోసం దరఖాస్తు చేయండి. రోగి ప్రవర్తనను చూచిన ఇరుగుపొరుగువారి పేర్లు చెప్పండి. దుఆ చేయండి, మందు మాన్పించకండి.

ఆ తల్లి మరునాడు ఆస్పత్రికి పోయి పాత ఓ.పి. నంబరు వెదికించినది. కుమార్తె కూడా వెంట వెళ్ళినదట! ఎవరి నిఖా కోసం చీటీలు కాలినవో ఆమే అన్న తరఫున నిలబడినది. అల్లాహ్ ఆ ఇంటికి న్యాయాన్ని, గాయపడినవానికి స్వస్థతను ప్రసాదించుగాక! ఆమీన్.