రీలు కొనేముందు చేపను అడగండి
నకిరేకల్ నుంచి మూసీ ప్రాజెక్టు కట్టకు గాలం పట్టుకుని పోయే కుర్రాళ్ల చేతుల్లో వెదురు కర్ర పోయి రీలు వచ్చింది, సంతోషమే. కానీ ఆ రీలు కొనే తీరే నాకు మింగుడు పడదు. అమెరికా వీడియోలో వాలై చేపకు 2500 సైజు చాలన్నారని మనవాడూ అదే తెస్తాడు. వాలై చల్లనీళ్ల చేప, ఎరను మెల్లగా పొడుస్తుంది, దానికి సన్నదారం, చిన్న రీలు సరిపోతాయి. మన కొర్రమట్ట అట్ల కాదు. గుర్రపుడెక్క సందులో రబ్బరు కప్ప ఎరను మింగిందంటే క్షణంలో గుంజాలి, ఆలస్యమైతే గడ్డికి చుట్టేస్తుంది. అక్కడ డ్రాగు (దారం జారే బిగువును సరిచేసే మర) బిగించినా వంగని గట్టి రీలు కావాలి. లోతులో వాలుగకో బొచ్చెకో వేసేవాడికి 4000 సైజు, ఎక్కువ దారం పట్టేది నయం. డబ్బా మీద 13 బేరింగులని రాస్తే మురిసిపోతారు గానీ, మనం కొనేది బండి చక్రమా? దుకాణంలోనే డ్రాగు సగం బిగించి దారం చేత్తో లాగి చూడండి. జారుతూ రావాలి, ఆగి ఆగి రావొద్దు. నా మొదటి రీలు ఆగి ఆగే వచ్చేది. బొచ్చె ఒక్క పరుగు తీసింది, దారం పుటుక్కుమంది, చేతిలో పిడి మిగిలింది.